వెయిట్‌లెస్ జార్జెట్‌తో తోమిన పళ్ళు

కొమురవ్వకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని పరాయి రాష్ట్రానికి వలసొచ్చిన నేతవాళ్ళుండే పర్వత్ పాటియాలో ఆ గల్లీ అంతటికీ తెలుసు. కూరగాయల బండివాడు వంకాయలు ఏరుకోనివ్వకపోతే చాలు, వాడి వంకాయల పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటికొస్తాయి. అయితే ఆ రోజు మాత్రం కారణం గట్టిదే. మోతీని చంకలో ఇరికించుకుని, కొంగు బిగించి, పశువుల దవాఖానా మెట్లు దడదడా ఎక్కింది.

మోతీ తెల్లటి పొమేరియన్. వయసు మీద పడింది. పోయిన నెల ఇదే దవాఖానాలో దానికి మత్తిచ్చి, పళ్ళకు పట్టిన గారంతా గీకి తీశారు. కదులుతున్న రెండు పళ్ళు పీకేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి మరీ చెప్పింది. దీని గుండె బలహీనంగా ఉంది, మళ్ళీ మత్తివ్వడం కుదరదు, మిగిలిన పళ్ళు నిలిచేదీ పోయేదీ ఇక నీ చేతుల్లోనే ఉంది. రోజూ తోమాలి. కుక్కల పేస్టే వాడాలి, మనుషుల పేస్టు అది మింగేస్తుంది, ప్రమాదం. బ్రష్షుకు బెదిరితే వేలికి మెత్తటి బట్ట చుట్టి చిగురు అంచు వెంట నెమ్మదిగా రుద్దాలి. ఎముకలూ బిస్కట్లూ బంద్.

కొమురవ్వ ఒక్కటి తప్పలేదు. మెత్తటి బట్టకు ఆ ఇంట్లో కరువా? మొగుడు మార్కండేయ పెళ్ళినాటి నుంచీ సాంచాల మీదే, ఆ మరమగ్గాల పనిలోనే ఉన్నాడు. ఆమె గడపలో కూర్చుని సేఠ్ పంపిన చీరల మీద వేలాడే దారాలు కత్తిరిస్తుంది. మంచం కింద సంచుల నిండా బట్ట ముక్కలే. పాత గుడ్డ పీలికలు కుక్క నోట్లో పెట్టడం ఆమెకు నచ్చలేదు. వెతికి వెతికి వెయిట్‌లెస్ జార్జెట్ ముక్క తీసింది. కొత్తది, ఎవరి ఒంటి మీదా పడనిది, చేత్తో పట్టుకుంటే గాలిలా ఉండేది. దాన్ని వేలికి చుట్టి, పొద్దున్నా సాయంత్రమూ శ్రద్ధగా తోమింది.

వారం తిరిగేసరికి చిగుళ్ళు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత నెత్తురు కనపడింది. కొమురవ్వ చెయ్యి చూస్తే చాలు, మోతీ మంచం కిందికి దూరి గుర్రుమనడం మొదలుపెట్టింది. తన చేతి ముద్ద తిని పెరిగిన కుక్క తన మీదే పళ్ళు చూపించడంతో ఆమె కడుపు మండిపోయింది.

"ఏంది మేడం గిది? మంచిగున్న నోరు గీకి గీకి ఖరాబ్ జేసిండ్రు! నా కుక్క నన్నే కరవొస్తున్నది!" అని దవాఖానా అదిరేలా అరిచింది. వచ్చిన భాషలన్నీ కలిపి తిట్టింది. కూర్చున్నవాళ్ళు తమ కుక్కల్ని దగ్గరికి లాక్కున్నారు.

డాక్టరమ్మ అలవాటైన మనిషిలా అంతా విని, మోతీ పెదవి ఎత్తి చూసి, దేంతో తోముతున్నావు మౌసీ అని హిందీలో అడిగింది. కొమురవ్వ గర్వంగా రొంటిన దోపుకున్న జార్జెట్ ముక్క తీసి బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. వాడని కొసన చిన్న ముక్క కత్తిరించి, ఒక్కసారి నీ చిగురు మీద రుద్దుకో అంది.

కొమురవ్వ విసురుగా రుద్దుకుంది. మూడోసారికే మండింది. చేతికి పట్టులా జారే ఆ బట్ట నోట్లోకి వెళ్ళేసరికి సన్నటి ఇసకలా గీసుకుంది. ఎందుకు గీసుకోదు? జార్జెట్ దారానికి ఎంత మెలి పెడతారో ఆమెకు తెలియదా! అది పాలిస్టర్ అనీ తెలుసు. తెలిసి కూడా నోట్లోపలి సంగతి ఆలోచించలేదు.

ఆమెకు మొదట సిగ్గేసింది, ఆ వెంటనే మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి డాక్టరమ్మ మీద కాదు. ఇంటికి పోయి సంచులన్నీ గుమ్మరించింది. జార్జెట్, షిఫాన్, క్రేప్, సాటిన్. కర్టెన్లు పాలిస్టర్, దిండు గలీబులు పాలిస్టర్, కట్టుకున్న చీరా అదే.

"ఇన్నేండ్లు బట్ట నేసిన ఇల్లు! మూగదాని నోట్లె పెట్టనీకి జానెడు నూలుగుడ్డ లేదు! థూ!" అని ఆ కుప్పను కాలితో తన్నింది. మార్కండేయ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో గొణిగి, చెదిరిన ముక్కలు ఏరి సంచుల్లో నింపాడు.

డాక్టరమ్మ నూలు గాజుగుడ్డ ఇచ్చింది గానీ, మోతీ దగ్గరికొస్తే కదా. కొమురవ్వ కోపాన్ని గడప బయట పెట్టి, మంచం పక్కన నేల మీద చతికిలబడింది. ఉత్త వేలి మీద పేస్టు రాసి చాచింది. మోతీ మొహం తిప్పుకుంది. మర్నాడూ అంతే. తర్వాతెప్పుడో వేలు నాకి, గభాలున వెనక్కి పోయింది. చిగుళ్ళ ఎరుపు తగ్గేదాకా ఆమె నాకించడంతోనే సరిపెట్టింది. ఆపైన పెదవి పైకెత్తడం, ఆపైన గాజుగుడ్డతో ఒక్క కోర పన్ను తుడవడం. లోపలి వెనక పళ్ళు మాత్రం మోతీ ముట్టుకోనివ్వలేదు. గార మొదట పేరుకునేది అక్కడే.

ఒక సాయంత్రం గడపలో ఆ తంటా పడుతుంటే పక్కింటి కమలాకర్ చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. మోతీ ముందుకు ఒక బిస్కట్ విసిరాడు. కొమురవ్వ చటుక్కున దాన్ని తీసి కాలవలో పడేసింది.

"ఏంది వదినె, కుక్కకు పండ్లు తోముడా? మనుషుల పండ్లకే దిక్కు లేదు ఈడ!" అని నవ్వాడు.

"అవ్, లేదు!" కొమురవ్వ లేచి నిలబడింది. "మీ మార్కండేయన్న పండ్లు జూసినవా ఎన్నడన్న? ముంగటియి ఒక్కటి లేవు! దినమంతా సాంచ మీద అటిటు ఉరికే నాడె కంతల నుంచి దారం నోటితోని పీల్సి పీల్సి ఊడినయ్. నూనె, దుమ్ము, రంగు, అన్నీ ఆ నోట్లెకే పోయినయ్. చిగుర్లు వాసి అన్నం తినక పండుకుంటే, నోరు తెరువు జూస్త అన్నోడు ఉన్నడా? సేఠ్ జూసిండా? నువ్వు జూసినవా? నేను జూసిన్నా? గందుకే దీనిది జూస్తున్న. నవ్వు, ఇంకా నవ్వు!"

కమలాకర్ నవ్వలేదు. గ్లాసు పట్టుకుని మెల్లగా తన ఇంట్లోకి పోయాడు. కొమురవ్వ మాత్రం రొప్పుతూ అక్కడే నిలబడింది. 'నేను జూసిన్నా' అన్న మాట తన నోట్లోంచే వచ్చిందని అప్పుడు తెలిసింది. లోపల మొగుడు వింటున్నాడు, వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు.

లోపలి నుంచి మార్కండేయ లేచి వచ్చాడు. మాట్లాడేటప్పుడు అలవాటుగా నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యి ఈసారి పెట్టుకోలేదు. ఆమె పక్కన కూర్చుని, మోతీని ఒళ్ళోకి తీసుకుని, గడ్డం కింద నిమిరాడు.

"నేను పట్టుకుంట," అన్నాడు. "ఎనక పండ్లు నువ్వు తోము. జర మెల్లగ."