ట్యూబు పెట్టె, గిన్నెడు పెరుగు

నా జీవితంలో పరువు పోగొట్టుకున్న సందర్భాలు చాలానే ఉన్నాయి గానీ, కళ్ళకు తువ్వాలు కట్టించుకుని, వెనకాల నాదస్వరం పెట్టించుకుని మరీ పోగొట్టుకున్నది ఒక్కసారే. ఆ ఘోరం ఇప్పుడు చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఇంట్లో వాళ్ళు చాలినంత నవ్వేశాక మిగిలింది మీ వాటా.

సీడీలు ఇంకా బతికున్న రోజులవి. పలాసలో గుమాస్తా ఉద్యోగం, కాశీబుగ్గలో అద్దె ఇల్లు, కొత్త కాపురం, వీటన్నిటినీ మించి పాటల పిచ్చి. ఆ పిచ్చి పాటల మీదే ఉంటే ఏ గొడవా లేకపోయేది. నాది పాట వినిపించే పెట్టెల మీద. సీడీలో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెల్ని మళ్ళీ పాటగా మార్చే దాన్ని డాక్ అంటారు. మామూలు మనుషులకి అది సీడీ ప్లేయర్ లోపలే ఉంటుంది. ఉందన్న సంగతి కూడా తెలియకుండా వాళ్ళు హాయిగా బతికేస్తారు. నాకు మాత్రం విడిగా, బయటికి కనిపించేలా ఉండాలి. అలాంటివి నా దగ్గర రెండు ఉండేవి.

ఒకటి ట్రాన్సిస్టరు డాక్. నల్లగా, చల్లగా, నోరు మూసుకుని తన పని తాను చేసుకుపోయే పెట్టె. రెండోది ట్యూబు డాక్. దాని నెత్తిన పాతకాలపు వాల్వు రేడియోల్లో లాంటి గాజు బుడ్లు, వాటికి దెబ్బ తగలకుండా పైన ఇనప జాలీ. స్విచ్చి వేస్తే బుడ్లు నారింజ రంగులో వెలిగేవి. ఓడల మీద పనిచేసే మా బావ అప్పారావు, అంటే మా ఆవిడ సుశీలకి అన్న, సింగపూర్ నుంచి తెచ్చిచ్చాడు. అది ఇంటికొచ్చాక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆఫీసుకి ఫైలు కోసం వచ్చినవాడికి కూడా, "ట్యూబు సౌండులో వెచ్చదనం ఉంటుందండీ, ట్రాన్సిస్టరుది పొడిపొడిగా ఉంటుంది," అని చెప్పి పంపేవాణ్ణి. ఫైలు సంగతి తర్వాత.

కార్తీకమాసం చలిలో ఒకనాడు ఆ జాలీ మీద గుండ్రటి పాల మరక కనిపించింది.

"ఏటిది?" అన్నాను.

"చలికి పెరుగు తోడుకోట్లేదండీ. దీని మీద పెడితే గెడ్డలా తోడుకుంటంది," అంది సుశీల, శుభవార్త చెబుతున్నట్టు.

"ఇది సంగీత పరికరం. కుంపటి కాదు. ఇకమీదట ఈ గదిలోకి పాలగిన్నె రాకూడదు."

"రాదులెండి."

ఆ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి. పాలగిన్నె ఆ గదిలోకి నిజంగానే మళ్ళీ రాలేదు.

ఆ చలికాలమే బావ సెలవు మీద వచ్చాడు. చూడ్డానికి మా అత్తారి ఊరు కవిటి వెళ్ళి, వాళ్ళ కొబ్బరితోటలో కూర్చుని, బొండాం చేతిలో పట్టుకుని, ట్యూబు గొప్పతనం మీద ఉపన్యాసం అందుకున్నాను. బావ చాలాసేపు ఓర్చుకున్నాడు.

"బావా, నిజం సెప్పు. రెండిటికీ తేడా నీకు తెలుత్తాదా?"

"కళ్ళు మూసుకుని చెబుతాను."

"అయితే మూసుకో. ఆదివారం నానూ నాన్నా మీ ఇంటికొత్తాం. ఒక్కటి తప్పు సెప్పినావంటే నాకు నచ్చిన పెట్టె నాను పట్టుకుపోతాను."

బావకి నచ్చేది ట్యూబు పెట్టే అని నాకు తెలుసు. ఆ వెలుగు లేని ఇల్లు ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. కానీ నా నోరు నా మాట వినదు. సరే అనేసింది.

ఆదివారం పొద్దున్నే రెండు పెట్టెల తీగలూ ఒక మీటకి కలిపాను. మీట ఎడమకి తిప్పితే ట్యూబు పాడుతుంది, కుడికి తిప్పితే ట్రాన్సిస్టరు. ట్యూబు ముందుగా వేడెక్కాలి కాబట్టి దాని స్విచ్చి వేశాను. వెలుగు చూసి ఎవరూ కనిపెట్టకుండా రెండిటి మీదా సుశీల పాత చీర కప్పి, "ఎవరూ ముట్టుకోకండి," అని ఇంట్లో ఉన్న ఏకైక మనిషికి బహువచనంలో హెచ్చరిక చేసి బస్టాండుకి వెళ్ళాను. కవిటి బస్సు ఎప్పటిలాగే తన ఇష్టమొచ్చినప్పుడు వచ్చింది. బావా, కొబ్బరికాయల గోనెసంచితో మా మావయ్యా దిగారు.

ఇంటికి రాగానే మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టి నాదస్వరం సీడీ పెట్టాను. ముందు కళ్ళు తెరుచుకుని ఒక పాఠం చెప్పాను. మీట ఎడమకి తిప్పి, "చూశారా ఆ నిండుతనం," అన్నాను. కుడికి తిప్పి, "చూశారా, ఎలా ఎండిపోయిందో," అన్నాను.

"నాకు రెండిట్లోనూ పెళ్ళి భోజనమే గుర్తొత్తంది," అన్నాడు మావయ్య.

"అలా కాదు మావయ్యా. లోతు వినండి."

"లోతేటి బాబూ, నుయ్యా?"

ఇక లాభం లేదని తువ్వాలు కట్టించుకున్నాను. బావ మీట తిప్పాడు. "ట్యూబు," అన్నాను. మళ్ళీ తిప్పాడు. "ట్రాన్సిస్టరు." కాసేపు ఊరుకుని నన్ను మోసం చేద్దామని చూశాడు. "నువ్వు ఇంకా తిప్పలేదు బావా," అన్నాను. ఎన్నిసార్లు అడిగినా ఒక్కటీ తప్పలేదు. బావ గొంతు నీరుగారిపోవడం నాకు ఆ తువ్వాలు చీకట్లోనే వినిపించింది.

"ఓడిపోనాను," అన్నాడు చివరికి. "నీ సెవులు మామూలు సెవులు కావు."

ఆ క్షణంలో నేను ఇంటి కప్పుకి తగిలేంత ఎత్తు పెరిగాను. తువ్వాలు విప్పి, "ఇదిగో, మన విజేత," అంటూ చీర లాగాను. నల్ల పెట్టె ఉంది. దాని పక్కన నలుచదరంగా జీడిపప్పు రేకుడబ్బా ఉంది. ట్యూబు పెట్టె లేదు.

"సుశీలా, పెట్టేదీ?"

"వంటింట్లో ఉందండీ," అంది లోపలి నుంచి. "పెరుగు ఇంకా గట్టిపడాల. నాన్నకి పల్చగుంటే నచ్చదు గదా."

"మరి ఎడమకి తిప్పితే పాట ఎలా వచ్చింది?"

సుశీల గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. "తీగ వదిలీస్తే గుర్రుమంటంది. ఆ నల్లదాని ఎనకాల ఇంకో జత కన్నాలున్నాయి, అందులో పెట్టీసాను. రోజూ మీరు ఆఫీసుకెల్లాక పట్టుకెల్లి, వచ్చే వేళకి మళ్ళీ పెట్టీదాన్ని. ఇవాళ ఎలాగూ చీర కప్పీసారు గదా అని దాని చోట్లో డబ్బా పెట్టీసాను. పాలగిన్నె ఈ గదిలోకి రాలేదండీ, మీ మీదొట్టు."

బావ లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. "అంటే రెండు పక్కలా ఒకే పెట్టె పాడింది. మరి అన్నీ రైటుగా ఎలా సెప్పినావు బావా?"

అదే నాకూ అర్థం కాలేదు. బావ పాట ఆపి మీట ఎడమకి తిప్పాడు. టక్‌మంది. కుడికి తిప్పాడు. టిక్‌మంది. మళ్ళీ టక్. మళ్ళీ టిక్. మావయ్య కుర్చీలోంచి, "ఇది ట్యూబు. ఇది టాన్సిట్రు," అని చెప్పడం మొదలెట్టాడు. ఆయనకీ ఒక్కటీ తప్పలేదు.

నేను నాదస్వరంలో విన్న వెచ్చదనం, నిండుతనం, లోతు అన్నీ ఆ మీటవే.

నేను ట్యూబు అన్నవన్నీ తప్పులే కాబట్టి పందెం బావదే అయింది. వంటింటి వైపు బయల్దేరాడు, తన పెట్టె తాను తెచ్చుకోవడానికి. సుశీల గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నయ్యా, అది ముట్టుకోకు. ఎండలొచ్చేదాకా అది నాది. కావాలంటే ఆ నల్లది పట్టుకెల్లు."

"అదే మంచిదిలే. రెండు పెట్టెల పని ఒక్కటే సేసీసింది గదా," అని బావ దాన్ని ఖాళీ అయిన కొబ్బరికాయల సంచిలో పెట్టుకున్నాడు. నా ట్యూబు పెట్టె అలా నాకే దక్కింది, నా చెవుల వల్ల కాదు, పెరుగు గిన్నె పుణ్యాన. ఆ సంతోషం నేను పైకి కనబడనివ్వలేదు. కనబరిచే మొహం కూడా లేదు.

భోజనాల దగ్గర మావయ్య పెరుగు గిన్నె వంచి చూశాడు. పెరుగు కదల్లేదు. "బాబూ, నీ మిషను చాలా గొప్పది," అన్నాడు మనస్ఫూర్తిగా.

ఆ పెరుగన్నం ముందే ఒట్టు పెట్టుకున్నాను. గుడ్డ కప్పిన దేని గురించీ గుడ్డ తీసి చూడకుండా ఈ జన్మలో అభిప్రాయం చెప్పను. పాట ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "వినబడుతోంది," అని మాత్రమే అంటాను. ఇంతవరకూ మాట తప్పలేదు.

పెరుగు సంగతి మాత్రం ఆ ఒట్టులో లేదు. ట్యూబు మీద తోడుకున్నదేదో, పొయ్యి పక్కన తోడుకున్నదేదో, ఒక చెంచాడు నాలిక మీద వెయ్యండి, కళ్ళు మూసుకుని చెబుతాను. తువ్వాలు నేనే తెచ్చుకుంటాను.