చిన్నాయన రాసిన 'తాగరాదు'

మొన్న సోమందేపల్లె నుంచి వస్తూ దాహం ఆపుకోలేక దారి పక్క బోరింగు దగ్గర ఆగాను. దోసిలి నోటి దాకా తెచ్చానో లేదో, శెనగచేలో కలుపు తీస్తున్న ఒకావిడ కేకేసింది. "ఏం పెద్దాయనా, కండ్లు యాడ పెట్టినావు? అవి తాగే నీళ్ళు కాదు! కాళ్ళు వంకరపోతాయి. బోర్డు సూడలేదా?" చూశాను. తళతళలాడే రేకు మీద సన్నగా, ఏటవాలుగా, తోకలు సాగదీసి, సూదిమొనల్లాంటి అక్షరాలు. ముక్కు ఆనిస్తే గానీ అది 'తాగరాదు' అని తెలియలేదు. తెలిశాక ఒళ్ళు మండిపోయింది. ఫ్లోరైడు నీళ్ళకు హెచ్చరిక రాశారా, పెళ్ళిపత్రిక రాశారా!

మా చిన్నాయన పామిడిలో బోర్డులు రాసేవాడు. ఇలాంటి బోరింగులకు 'తాగరాదు' అని ఎన్నిసార్లు రాశాడో లెక్కలేదు. మొదటి నుంచి చివరి దాకా గీత ఒకే లావు. చివర కుంచెను మెల్లగా తిప్పి, గుండ్రంగా ముగించేవాడు. ఎందుకలాగని అడిగితే, "మూలుంటే ఎండకు రంగు ఆడి నుంచే లేస్తాది రా. ఇంగ, అక్షరానికి కడుపు ఖాళీగా ఉండల్ల. కండ్లు మసకేసినా ఆ ఖాళీ కనపడ్తాది" అనేవాడు. రంగు ఆరకముందే మా అవ్వను పిలిచేవాడు. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న మనిషి, రెండు కళ్ళలోనూ పొరలు. ఆమెను ఎర్రటెండలో దూరంగా నిలబెట్టి "సదువమ్మా" అనేవాడు. ఆమె తడబడిందా, కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి మళ్ళీ మొదలు. "నీ బోర్డు పాడుగాను, నన్ను ఎండకు మాడుస్తాండావు కదరా!" అని అవ్వ శాపనార్థాలు పెడుతుంటే మేం నవ్వుకునేవాళ్ళం.

బోరింగు దగ్గరి ఆ రేకు కింద దాన్ని చేసిన అంగడి పేరుంటే, మర్నాడే బుక్కరాయసముద్రం పోయాను. అంగడాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"గుండ్రటి అక్షరాలు లేవా నాయనా?"

"ఉండాయి సార్. ఐస్‌క్రీం బండ్లకు, చిన్నపిల్లోళ్ళ బడులకు వేస్తాం. సర్కారు బోర్డుకు వేస్తే గౌరవం ఉండదు."

గౌరవమట, గౌరవం! కాళ్ళు వంకరపోయినవాడిని అడగండి ఆ గౌరవం ఏ మందుకు పనికొస్తుందో! అదే మాట ఆయన మొహం మీదే అన్నాను. పాపం, ఆయన కంప్యూటరులో వెతికి ఒక గుండ్రటి ఫాంటు తీశాడు. ఏ దేశంలో ఎవరు గీశారో గానీ, గీతల చివర్లు అచ్చం చిన్నాయన కుంచె తిప్పినట్టే ఉన్నాయి. కాగితం మీద వేయించి, ఆయన్ను గుమ్మంలో పట్టుకోమని, నేను రోడ్డు దాటి ఎండలో నిలబడ్డాను. నా కళ్ళలోనూ ఇప్పుడు పొరలు ముదురుతున్నాయి.

చదవలేకపోయాను. "'రా' కడుపు పూడిపోయింది, పెద్దది చెయ్యప్పా!" అని అరిచాను. రెండోసారీ అంతే. మూడోసారి అక్షరం అక్షరం విడివిడిగా కనిపించింది. "తాగరాదు!" అని బిగ్గరగా చదివితే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. బోర్డు పెట్టించిన సర్కారు ఆఫీసువాళ్ళు ఒప్పుకుంటే సరి, లేకుంటే నేనే పోయి బోరింగుకు కట్టొస్తానన్నాను.

అవ్వ తిట్లకు అప్పట్లో ఎంత నవ్వామో. నవ్వినవాళ్ళను కాలం ఊరికే వదల్లేదు; ఆమె నిలబడిన ఎండలోకే నన్నూ తెచ్చి నిలబెట్టి, "సదువు" అంది.