ఒకలీనా టీచరమ్మ దారాల డబ్బా

ఒకలీనా టీచరమ్మని "ఎంత?" అని అడిగితే జవాబు రాదు. "ఎవరికి?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఎక్కడో ఉత్తరాన మంచుదేశంలో, కుస్కోక్విమ్ నది ఒడ్డున ఆ ఊళ్ళో ఈ సంగతి ఉయ్యాల్లో పిల్లలకి కూడా తెలుసు. తెలియనివాళ్ళు విమానం దిగి కొత్తగా వచ్చినవాళ్ళే.

"తలుపు వెడల్పు ఎంత పెట్టమంటారమ్మా?" అంటాడు వడ్రంగి మోక్సీ.

"ఎవరికి?"

"ఎవరికేమిటి, తలుపుకి!"

"తలుపు తలుపులోంచి నడిచెళ్తుందట్రా? ఎవరు వెళ్తారో చెప్పు, ఎంతో నేను చెప్తాను."

పార్కా, అంటే తలదాకా కప్పే చలికోటు, కుట్టడానికి గుడ్డ కొనబోతే దుకాణంవాడు గజంబద్ద తీస్తాడు. "అది లోపల పెట్టు. ఆ కర్ర తొడుక్కుంటుందా దీన్ని?" అని, ఎవరికి కుడుతుందో ఆ మనిషి దారం తీస్తుంది.

ఆ దారాలు ఓ పాత కాఫీ డబ్బాలో ఉంటాయి. మనిషికొకటి. దారానికి ముళ్ళు: ఇక్కడ జాన, ఇక్కడ మూర, ఇక్కడ రెండు చేతులూ చాపితే వచ్చే బార. ఊళ్ళో కొలత ఇవ్వని మనిషి లేడు. తపాలా తెచ్చే పైలట్‌ని కూడా సంచులు దింపుతుండగా పట్టుకుని భుజాలు కొలిచేసింది.

"నాకెందుకండీ?"

"ఏ మంచు తుఫానుకో ఇక్కడే చిక్కుపడితే నీకు కోటు ఎవడిస్తాడు నాయనా? నిలబడు, కదలకు."

పట్నం ఆఫీసు ఆవిడ క్లాసుకి పద్దెనిమిది స్కేళ్ళు పంపింది. నెల తిరక్కుండా పద్దెనిమిదీ ఒకలీనా పెరటి పందిరి మీద తేలాయి. సాల్మన్ చేపలు ఎండేటప్పుడు ముడుచుకుపోకుండా అడ్డంగా పుల్లలు గుచ్చాలి కదా, అందుకు బాగా పనికొచ్చాయట.

ఈ కొలతల పిచ్చికి అందరికంటే ఎక్కువ బలైపోయినవాడు హెడ్మాస్టరు వసీలీ. ఆవిడ దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు, పైగా సొంత చెల్లెలి కొడుకు. ఆరడుగుల మీద మరో జానెడు ఉంటాడు. రెండేళ్ళుగా బడిలో ఏది విరిగినా, ఏది బాగుచేసినా, ఓ మెట్టు కిందికి దిగిపోయేది. కొళాయి దిగింది. కోట్లు తగిలించే మేకులు దిగాయి. తలుపు గొళ్ళెం దిగి దిగి ఆయన తొడ దగ్గర ఆగింది. చేతులు కడుక్కోవాలంటే ప్రార్థనకి వంగినట్టు వంగాలి.

"పెద్దమ్మా! ఈ బడి మనుషులకా, కుందేళ్ళకా?"

"వంగరా పొడుగూ. వంగితే అరిగిపోవు."

మెట్లు పీకించి పొడవాటి బల్లల వాలు వేయించినప్పుడైతే ఆయనకి నిజంగానే ఒళ్ళు మండింది.

"ఇన్ని చెక్కలు దీనికెందుకు?"

"సైన్సు పాఠం," అని లోపలికెళ్ళిపోయింది. అన్నట్టే పది రోజులు పిల్లలందరూ చెక్కల్ని ఎత్తుతూ దించుతూ, వాటిమీదికి మంచులో లాగే స్లెడ్జి బళ్ళు లాగుతూ, ఏ వాలుకి ఎంత ఆయాసం వస్తుందో రాసుకున్నారు.

ఇదిలా ఉండగా వసంతంలో ఆఫీసు నుంచి మత్రోనా అనే పిల్ల గురించి కాగితం వచ్చింది. మత్రోనాకి తొమ్మిదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళలో బలం లేదు, చక్రాల కుర్చీలో బడికొస్తుంది. మీ బడి ఆ పిల్లకి అనుకూలంగా ఉందా అని ఇరవై ప్రశ్నలు. లేకపోతే పిల్లని పట్నం హాస్టలుకి పంపాలి. పట్నానికి రోడ్డు లేదు, విమానమే. పిల్లకి ఉన్నది నాయనమ్మ ఒక్కతే.

పిల్లకి బడి సరిపోకపోతే పిల్లని మార్చెయ్యడం ఆ ఆఫీసులకి పాత అలవాటు. బడిని మార్చాలని ఎవరికీ తోచదు. ఒకలీనానీ ఏడేళ్ళప్పుడు అలాగే విమానం ఎక్కించారు. ఆ దూరపు బడిలో స్కేలు దేన్నయినా కొలవడం ఆమె చూడలేదు. సొంత భాష మాట్లాడిన పిల్లల వేళ్ళ మీద దిగడమే చూసింది.

వసీలీ నిజాయితీపరుడు. నడుం పట్టుకుని కూర్చుని, ఇరవై ప్రశ్నలకీ "లేదు" అని రాసి, డబ్బు పంపండి అని బతిమాలుకున్నాడు. తన నడుం నొప్పికీ ఆ కాగితానికీ సంబంధం ఉండొచ్చని ఆయనకి తట్టనే లేదు. డబ్బు రాలేదు. నది గడ్డకట్టే రోజుల్లో ఇన్స్పెక్టరు గోర్మన్ వచ్చాడు. పొట్టి మనిషి, పొడుగు టేపు.

"పెద్దమ్మా, ఈ ఒక్కరోజు ఆ మాట అనకు. నీకు దండం పెడతాను," అన్నాడు వసీలీ.

"ఏ మాట?" అందావిడ, ఏమీ తెలియనట్టు.

ఆవిడ అనలేదు. పిల్లలున్నారుగా.

"నది దాటాలంటే మంచు ఎంత మందం ఉండాలి?" అన్నాడు గోర్మన్.

"ఎవరికి?" అంది క్లాసంతా.

వసీలీ కళ్ళు మూసుకున్నాడు.

"నక్కకైతే రెండు వేళ్ళు," అన్నాడొకడు. "మనిషికి బెత్తెడు మీద రెండు వేళ్ళు. మంచుబండికి జానెడు. అదీ నల్లమంచైతేనే. తెల్లగా ఉంటే నమ్మకండి సార్."

గోర్మన్ అదంతా రాసుకున్నాడు. "సరే, ఈ హాలు పొడవెంత?"

"మాస్టారికి ఆరు బారలు," అన్నాడొకడు. "నాకు తొమ్మిది," అంది ఇంకో పిల్ల. "నాకు పది," అంది మత్రోనా.

"ఇందులో ఏది కరెక్టు?"

"అన్నీ," అంది మత్రోనా. "మాస్టారివి మూడు బారలు, నావి అయిదు. ఆయనకి ఆరైతే నాకు పదేగా. మీరు చేతులు చాపండి." ఆయన చాపాడు. పిల్ల తన ఎర్రదారం పట్టి చూసింది. "మీ బార నా బారకి పావు ఎక్కువ. నావి అయిదు, మీవి నాలుగు. మీకు ఎనిమిది."

గోర్మన్ నమ్మలేదు. చేతులు చాపుకుంటూ గోడ వెంబడి నడిచాడు. ఎనిమిదో బార దగ్గర ముక్కు గోడకి తగిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"లెక్క బాగానే వచ్చు," అని గొణిగి కాగితం విప్పాడు. "కానీ నేను చూడాల్సింది ఇది. ఇరవై 'లేదు'లు. పిల్ల వెళ్ళాల్సిందే."

మత్రోనా ఎర్రదారాన్ని గుప్పిట్లో బిగించింది. ఒకలీనా అరచేత్తో తలుపు చూపించింది. "కొలవండి నాయనా."

టేపు బయటికొచ్చింది. గొళ్ళెం ఎత్తు సరిపోయింది. కొళాయి సరిపోయింది. మేకులు సరిపోయాయి. తలుపు వెడల్పు, బల్ల కింద మోకాళ్ళకి జాగా, అన్నీ. ఆయన బయటికెళ్ళి వాలు కొలిచాడు, మళ్ళీ కొలిచాడు.

"పన్నెండుకి ఒకటి! మా పుస్తకంలో ఉన్నది ఇదే."

"జాన ఎత్తుకి బారన్నర పొడవు," అన్నారు పిల్లలు. "ఎవరికైనా వాళ్ళ జానలు ఎనిమిదైతే వాళ్ళ బార. అంతకంటే నిటారుగా ఉంటే మత్రోనా తనంతట తను ఎక్కలేదు. మేం అన్నీ పెట్టి చూశాం."

వసీలీ గొళ్ళెం వంక చూశాడు, కొళాయి వంక చూశాడు, పిల్ల చేతిలో ఎర్రదారం వంక చూశాడు. రెండేళ్ళుగా మోక్సీ చేతిలో చూస్తున్న దారమే అది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ ఎత్తులన్నీ మీకెవరు చెప్పారండీ?" అన్నాడు గోర్మన్.

"ఎంతో ఎవరూ చెప్పలేదు," అంది ఒకలీనా. "ఎవరికో తెలుసు. చాలదూ?"

గోర్మన్ ఇరవై "లేదు"లూ కొట్టేసి, ఇరవైసార్లు "ఉంది" అని రాసి సంతకం పెట్టాడు.

"పెద్దమ్మా," అన్నాడు వసీలీ, "నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు ఆఫీసుకి రాసేవాడివి. వాళ్ళు 'ఎంత?' అని అడిగేవాళ్ళు." కాఫీ డబ్బాలో చెయ్యి పెట్టి అన్నిటికంటే పొడుగు దారం లాగింది. "నీదీ ఉందిరా. నిన్ననే గుర్తొచ్చింది. మోక్సీ, అయిందా?"

మోక్సీ స్టూలు దిగుతున్నాడు. తలుపు పక్క గోడ మీద, పైకప్పుకి దగ్గరగా, కొత్త మేకు. గట్టిగా ఉందో లేదో చూడ్డానికి చేతికందిన కోటు ఒకటి తగిలించాడు. వసీలీ దగ్గరికెళ్ళి ఆ మేకుని తాకి చూశాడు. రెండేళ్ళలో మొదటిసారి వంగకుండా.

తపాలా విమానం చప్పుడు వినిపించింది. గోర్మన్ హడావిడిగా తన కోటు కోసం వెతికి, తల పైకెత్తి చూశాడు. ఒకసారి ఎగిరాడు. రెండోసారి ఎగిరాడు.

"ఎంత ఎత్తున కొట్టారండీ ఈ మేకు!"

ఈసారి అందరికంటే ముందు అరిచింది హెడ్మాస్టరే.

"ఎవరికి?"