ఏం వాసనొస్తోంది?

మా పెదనాన్న ఎవరింటికి వెళ్లినా ముందుగా బాగున్నారా అని అడగడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూనే, "ఏం వాసనొస్తోంది?" అంటాడు. మనం ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పినా సరే, నేరుగా వెళ్లి కిటికీలన్నీ బార్లా తెరుస్తాడు. ఆ తర్వాతే కూర్చుంటాడు. మనం బాగున్నామో లేదో ఆయనకి గుర్తొచ్చేది ఆ తర్వాతే.

ఆయన చెక్కసామాన్లకి పాలిష్ పెట్టే పనివాడు. బీరువా తలుపులో మన మొహం మనకి కనిపించేదాకా వదలడని పేరుండేది. ఆ పని మానేసి ఇరవయ్యేళ్లు దాటింది. ఇప్పుడు ఆయన్ని అందరూ 'ముక్కు మాస్టారు' అంటారు. గ్యాస్ పొయ్యిలు బాగుచేసే అతనైతే ఆయన ఎదురుపడితే చేతులు జోడించేవాడు. "మీ ముక్కు నాకుంటే గ్యాస్ లీకు పట్టే ఈ మీటరు మోసుకు తిరిగే ఖర్మ ఎందుకండీ!" అనేవాడు. పెదనాన్న అదోలా నవ్వి ఊరుకునేవాడు.

ఒకసారి నేను టిఫిన్ డబ్బా మర్చిపోతే ఇవ్వడానికి మా ఆఫీసుకి వచ్చాడు. నేను సీట్లో లేను. ఆయన తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాడు. ఏసీ గది, మూలన జిరాక్స్ మిషను, నేలంతా కొత్త తివాచీ.

"ఏం వాసనొస్తోందండీ?"

మేనేజరు మెల్లిగా కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. "ఇప్పుడేనండీ... ఒక్క నిమిషం బూట్లు విప్పాను," అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నవాడిలా.

పెదనాన్న ఆ మాట పట్టించుకోకుండా, బిల్డింగు కట్టాక ఎవరూ తెరవని కిటికీని రెండు చేతులతో గుంజి తెరిచాడు. మూడు ఫైళ్లలోని కాగితాలు రోడ్డు మీదికి ఎగిరిపోయాయి. సాయంత్రం దాకా అందరం వాటిని ఏరుకున్నాం. అప్పట్నుంచి ఆ కిటికీ మళ్లీ పూర్తిగా మూతపడలేదు. మేనేజరుకి రోజూ మధ్యాహ్నం వచ్చే తలనొప్పీ మళ్లీ రాలేదు. కళ్లజోడు మార్చినందుకు తగ్గిందని ఆయన అనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం.

మా చెల్లెలు కొత్త ఇంట్లో దిగినప్పుడూ ఇదే తంతు.

"కొత్తింటి వాసన పెదనాన్నా! రంగులు నిన్ననే ఆరాయి," అని మురిసిపోయింది చెల్లెలు.

"రంగులు ఆరాయి. వాసన ఇంకా ఆరలేదు కదమ్మా. పసిపిల్లతో అప్పుడే ఇందులో పడుకుంటావా? పదిహేను రోజులు ఆరనీ."

"సామానంతా దించేశాం. ఎక్కడుండమంటావు?"

"నా గదిలో ఉండండి. నేను ఇక్కడ కాపలా ఉంటా."

అన్నంత పనీ చేశాడు. పదిహేను రోజులు ఆ ఇంటి వరండాలో మడతమంచం వేసుకుని, కిటికీలు తెరిచిపెట్టి, వాటికి కావలి కాశాడు. చుట్టుపక్కల వాళ్లు కొత్తిల్లు కట్టుకుని ముసలాయన్ని బయట పడేశారని చెల్లెల్ని నానా మాటలూ అన్నారు. ఆ కోపంతో అది ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా ఆవిడకి శుభ్రం అంటే ప్రాణం. నేలకొక సీసా, అద్దాలకొక సీసా, గాలికొక డబ్బా.

"ఏం వాసనొస్తోంది అమ్మాయ్?"

"మల్లెపూల వాసన మామయ్యగారూ."

"పూలెక్కడ?"

"డబ్బాలో ఉన్నాయండీ. నొక్కితే వస్తాయి."

"డబ్బాలో పూలుండవమ్మా. పూల పేరుంటుంది," అని కిటికీలు తెరిచేవాడు.

మా ఆవిడ మాత్రం ఆయన్ని ఏమీ అననిచ్చేది కాదు. పాలు మాడ్చి కాఫీ పెట్టిచ్చినా "బ్రహ్మాండం" అంటూ తాగే మనిషి ఆమెకి ఇంకెక్కడ దొరుకుతాడు! అది మర్యాద అని ఆమె అనుకునేది. వయసు మీద పడిందని నేననుకునేవాణ్ని.

రానురాను మాకది ఆటైపోయింది. "ఏం వాసనొస్తోంది?" అంటే మా అమ్మాయి, "లెక్కల పరీక్ష వాసన తాతయ్యా," అనేది. నేను ఏనుగు వాసన అన్నాను ఒకరోజు. ఆయన గంభీరంగా తలూపి హాల్లో పెద్ద కిటికీ తెరిచాడు. ఆయన వెళ్లాక మేం కడుపు పట్టుకుని నవ్వాం.

కానీ ఆయన తెరిచిన కిటికీల్లోంచి దుమ్మొచ్చేది, దోమలొచ్చేవి. మూసీ మూసీ నాకు విసుగెత్తింది. బాత్‌రూంలో పైనున్న చిన్న కిటికీకి అట్ట అడ్డం పెట్టి చుట్టూ మేకులు కొట్టేశాను. "ఇప్పుడు తెరవమను మీ మామయ్యగారిని, చూద్దాం," అని మా ఆవిడతో గొప్పలు కూడా పోయాను. మొత్తం పద్నాలుగు మేకులు.

ఆ ఆదివారం పొద్దున చుట్టాలొస్తున్నారని మా ఆవిడ బాత్‌రూం కడుగుతోంది. నీళ్లు చిందకుండా తలుపు వేసుకుంది. నేల మీద బ్లీచింగ్ చల్లింది. మరకలు వదల్లేదని దానిమీదే యాసిడ్ కూడా పోసింది. రెండూ కలిస్తే రెట్టింపు తెల్లగా అవుతుందని ఆమె లెక్క. నేను హాల్లో పేపరు చదువుకుంటున్నాను. ముక్కులో ఏదో ఘాటుగా గుచ్చుకుంది. కళ్లు కాస్త మండాయి. ఇవాళ బాగానే రుద్దుతోంది అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే పెదనాన్న వచ్చాడు.

"ఏం వాసనొస్తోంది రా?"

వస్తోందని చెబితే లోపలికి వెళ్తాడు. వెళ్తే అట్ట చూస్తాడు. చూస్తే గొడవ. పేపర్లోంచి తలెత్తకుండానే, "ఏమీ రావట్లేదు పెదనాన్నా. ఇవాళ్టికి కిటికీలకి సెలవియ్యి," అన్నాను.

"ఏమీ రావట్లేదా?"

"ఏమీ లేదు."

ఆయన మొహం విప్పారింది. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకు తెలిసి మూసిన కిటికీల మధ్య ఆయన స్థిమితంగా కూర్చోవడం అదే మొదటిసారి. "బాగున్నావా?" అని కూడా అడిగాడు.

నేను జవాబు చెప్పేలోపే లోపల్నుంచి దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు. ఆ వెంటనే బక్కెట్టు దొర్లిన చప్పుడు. నేను పేపరు మడిచేలోపే ఆయన బాత్‌రూం తలుపు తోసేశాడు. మా ఆవిణ్ని రెక్క పట్టుకుని బయటికి లాగి నా మీదికి నెట్టి, "బయటికి తీసుకుపో! మెట్లు దిగిపో!" అని అరిచాడు. ఆయన మాత్రం కిటికీ తెరుద్దామని మళ్లీ లోపలికి పోయాడు.

తెరుచుకుంటే కదా. కింద వీధిలో మా ఆవిణ్ని కూర్చోబెడుతుంటే పైనుంచి దబదబమని చప్పుడు వినిపిస్తూనే ఉంది. చెంబుతో అట్టను కొడుతున్నాడు. అవి నా మేకులు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. నేను పైకి పరిగెత్తేసరికి అట్ట ఊడింది, పెదనాన్న గుమ్మంలో కూలబడి ఉన్నాడు.

ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. మా ఆవిడ రెండ్రోజుల్లో కోలుకుంది. ఆయనకి పది రోజులు పట్టింది. డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది.

"ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందండీ. అంత ఘాటులో కిటికీ అట్టను కొడుతూ ఎలా నిలబడ్డారు? వాసనకైనా పారిపోవాలి కదా!"

"నాకు వాసన తెలీదమ్మా," అన్నాడు పెదనాన్న.

"ఎప్పట్నుంచి?"

"ఇరవయ్యేళ్ల పైమాటే."

అప్పుడు చెప్పాడు, దగ్గుదగ్గుకీ ఆగుతూ. పాలిష్ మీద దుమ్ము వాలకూడదని కిటికీలన్నీ బిగించుకుని పనిచేసేవాడట. పాలిష్‌లో కలిపే థిన్నరు వాసనకి ముందు తల తిరిగేదట, తర్వాత అలవాటైపోయిందట, ఆ తర్వాత అసలు వాసనే రావడం మానేసిందట. పెదనాన్న ఒక్కడే ఉంటాడని మా పెద్దమ్మ కూడా ఆ గదిలోనే కూర్చుని బట్టలు కుట్టుకునేది. ఆమెకి ఆయాసం పట్టుకున్నాకగానీ ఆ కిటికీ తెరుచుకోలేదు.

"ముక్కు పనిచెయ్యదని మాకు చెప్పొచ్చుగా పెదనాన్నా?"

"చెబితే నా మీద జాలితో వాసన చూసేవాళ్లు. ఊరికే అడిగితే ఎవరికోసం వాళ్లు చూసుకుంటారని..."

"మరి ఏనుగు వాసన అన్నప్పుడు?"

"ఏనుగంటే నేనెందుకు నమ్ముతాను రా! అయినా, నిజంగా ఉంటే దానికీ గాలాడాలి కదాని పెద్ద కిటికీయే తెరిచాను." నా చెయ్యి మీద తట్టాడు. "ఏమీ లేదన్నావు చూడు, అదొక్కటే నమ్మాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత నేను మా ఇంట్లో సీసాలన్నీ ముందేసుకుని, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నదంతా భూతద్దంతో చదివాను. దేన్నీ దేనితోనూ కలపొద్దని, గాలాడేచోట వాడమని ప్రతిదాని మీదా ఉంది. ఆయన ఇన్నేళ్లూ మా గుమ్మంలో నిలబడి పైకి చెబుతున్నదీ అదే. చదవనూ లేదు, విననూ లేదు నేను.

ఆ దగ్గు పూర్తిగా పోలేదు. ఆయన ఇప్పుడు మెట్లెక్కలేడు. అందుకని రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తాడు.

"ఏం వాసనొస్తోంది?"

నేను ఫోన్ పట్టుకుని గదిగదికీ తిరుగుతాను. "వంటింట్లో పోపు పెదనాన్నా. హాల్లో చీమల మందు, నిన్నటిది. అమ్మాయి గదిలో గోళ్ల రంగు."

వెనకనుంచి మా అమ్మాయి, "నాన్న సాక్సులు కూడా చెప్పు!" అని అరుస్తుంది.

"కిటికీ తియ్యి."

"తీస్తాలే."

"తీస్తాలే కాదు, ఇప్పుడు తియ్యి. వింటా."

మా హాలు కిటికీ బందులు తుప్పుపట్టి కిర్రుమంటాయి. నూనె చుక్క వెయ్యమని మా ఆవిడ ఏడాదిగా పోరుతోంది. పెదనాన్న ఒప్పుకోడు. నూనె వేస్తే తనకి వినపడదట.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాను మొన్న.

"నీ ముక్కు మీద నమ్మకమే రా అబ్బాయ్. నీ బద్ధకం మీద ఇంకా నమ్మకం."

ఫోను కిటికీ దగ్గరగా పెట్టి రెక్క తోశాను. కిర్రుమంది. అవతల పెదనాన్న గట్టిగా ఊపిరి పీల్చడం, ఆ వెంట చిన్న దగ్గు వినిపించాయి.

"ఆఁ," అన్నాడు తృప్తిగా. "ఇప్పుడొచ్చింది వాసన."