బావ గొంతు మీద వచ్చిన అభిప్రాయాలు

మా బావ మైకు ఆటో తోలేవాడు. కొత్త సినిమా, శంకరంపేట సంత, తప్పిపోయిన మేక, అన్నిటికీ ఆయన గొంతే. ముఖ్యంగా చావులకు. మెదక్‌లో ఎవరు పోయినా, ఆయన గల్లీ గల్లీ తిరిగి చెబితేనే పోయినట్టు లెక్క. ఆయన ఇక్కడ గొంతెత్తితే ఏడుపాయల దగ్గర మంజీరలో చేపలు పక్కకు జరిగేవి. నమ్మకపోతే చేపలను అడగండి.

అలాంటి మనిషి కరోనాలో పట్నం దవాఖానాలో పోయాడు. అక్కడే కాల్చేశారు. ఇక్కడ చెప్పేవాడు లేడు, వచ్చినవాడు లేడు. ఇప్పటికీ బజార్లో ఎవరో ఒకరు మా అక్కను, "అన్న కనబడుతలేడు, కొడుకు దగ్గర ఉంటుండా?" అని అడుగుతారు. ఆమె తల ఊపి ఇంటికొచ్చి, బీడీల చాట ముందు కూర్చుని పొద్దుగూకే దాకా చుడుతూనే ఉంటుంది.

"ఊరందరి సావు చెప్పిండు. ఆయన సావు ఎవ్వరికి ఎరుక లేదు," అంటుంది. ఆమెకున్న బాధల్లో మిగతావన్నీ దీని తర్వాతే.

ఆమె కొడుకు పట్నంలో ఒక స్నేహితుడితో కలిసి కంప్యూటర్ మీద పాటలు కడతాడు. వాళ్ల బ్యాండులో డోలు లేదు, గిటారు లేదు, ఉన్నవన్నీ వైర్లే. పోయినేడు ఆల్బం చేశారు. ఆటోలో దొరికిన మెమరీ కార్డు నుంచి బావ గొంతు తీసి, చచ్చినవాళ్ల పేర్లు కత్తిరించి, "ఇక లేరు, ఇక లేరు" అన్న ముక్కను చిందేసే దరువు మీద తిప్పారు.

ఇంటర్నెట్‌లో సమీక్షలొచ్చాయి. అక్క నాతో చదివించుకుంది. ఒకాయన యంత్రానికి దుఃఖం నేర్పారని మెచ్చుకున్నాడు. ఇంకొకామె, గొంతులో ప్రాణం లేదు, ఎవరైనా మనిషితో పాడించాల్సింది అని రాసింది.

"ఆమె చెప్పింది నిజమే గద తమ్మీ," అంది అక్క, బీడీకి దారం చుడుతూ.

మెదక్ శ్రోతలు వేరే రకం. బస్టాండు దగ్గర హోటలాయన ఆ పాట స్పీకరులో పెట్టాడు. చాయ్ తాగుతున్న ముసలాయన గ్లాసు కింద పెట్టి తలకు చుట్టిన రుమాలు తీశాడు.

"ఎవరు పోయిండ్రు?"

"ఎవరు పోలేదు తాతా, డాన్సు పాట."

"గొంతు ఆయనదే గద. ఆయన ఉత్తగ చెప్పడు."

పేరు వినబడటం లేదని స్పీకరుకు చెవి ఆనించాడు. పాట అయిపోయింది. పేరు రాలేదు.

అక్కను నవ్విద్దామనే ఇది చెప్పాను. ఆమె నవ్వలేదు. కొడుక్కి ఫోన్ కలిపింది.

"అండ్ల మీ నాయిన పేరు పెట్టు."

"నాయిన తన పేరు ఎన్నడు చెప్పలేదమ్మా. యాడికెళ్లి తేవాలె?"

"గంత మంది పేర్లు చెప్పిండు. ముక్కలు ఏరి అతికియ్యి."

వాడు అతికించాడు. కల్లు దుకాణం ఆయన పేరు నుంచి ఒక ముక్క, నర్సాపూర్‌కిచ్చిన ఎవరో ఆడమనిషి పేరు నుంచి ఒక ముక్క. అన్నీ పోయినవాళ్లవే. అక్క ఫోన్ చెవికి ఆనించుకుంది. బావ గొంతు బావ పేరు చెప్పి, ఇక లేరంది. పక్కనున్న నేను దూరం జరిగాను. ఆమె మాత్రం చివరిదాకా వింది.

"దరువు తీసెయ్యమను. సావు చెప్పేటప్పుడు ఆయన పాట బందు పెడుతుండె."

వాడు దరువు తీసేసి పంపాక నేనే ఒక మైకు ఆటో మాట్లాడి ఊరంతా తిప్పించాను. పిల్లలు ఆల్బం ప్రచారం అనుకుని చిందులేస్తూ వెనక ఉరికారు. అక్క ఇంటి ముందు చాప పరిచి కూర్చుంది.

చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత, బావతో చదువుకున్న ఒకాయన దండ పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చాడు. వాకిట్లోనే చెప్పులు విడిచి, శవం కోసం లోపలికి తొంగి చూశాడు.

"ఎన్నింటికి లేపుతుండ్రు చెల్లే?"

అక్క లేచి దండ అందుకుంది.

"ఎప్పుడో లేపిండ్రన్నా. జర కూసోండ్రి."