సముద్రంలో తేలిన లాక్టోమీటరు

యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో బెంగళూరులో బియ్యానికి కరువు, కిరసనాయిలుకు కరువు. నా దగ్గర వంశగౌరవానికి మాత్రం ఏ లోటూ లేదు. మా ముత్తాత ఒక పాళేన్ని ఏలినవాడు. మా తాత దాన్ని అమ్ముకుంటూ బతికినవాడు. అమ్మడానికి ఇంకేమీ మిగలని సమయం చూసి మా నాన్న కాలం చేశాడు. నేనూ మా అవ్వా కాటన్‌పేటలో ఒక నూలు వ్యాపారి మిద్దె మీద ఉండేవాళ్లం. (అవి అద్దె గదులని నేనెప్పుడూ ఒప్పుకోలేదు, 'విడిది' అనేవాణ్ని.) పొయ్యి వెలగాలంటే నేను ఎక్కడో ఒకచోట కుదురుకోక తప్పదని అవ్వ తేల్చి చెప్పాక, బసవనగుడిలో ఒక రిటైరైన ఇంజనీరు ఇంట్లో చేరాను. ఆయన తండ్రి ఒకప్పుడు మా తాత కచేరీలో లెక్కలు రాసినవాడు. కాబట్టి నేను ఉద్యోగానికి పోలేదు, పాతవాళ్లకు సాయం చేయడానికి పోయాను.

ఆయనకు ఊళ్లో 'సముద్రం సారు' అని పేరు. హాల్లో పెద్ద గాజుతొట్టి పెట్టి, మద్రాసు నుంచి రైల్లో డబ్బాలకు డబ్బాలు సముద్రపు నీళ్లు తెప్పించి, అందులో పసుపు నలుపు చారల చేపనొకదాన్ని పెంచేవాడు. సైకిలు పంపుతో ఆ చేపకు గాలి కొట్టడం నా పని. ఇంట్లో మాత్రం 'సముద్ర వ్యవహారాల పర్యవేక్షణ' అని చెప్పాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "ఓడలు గాని ఉండాయేమప్పా?" అని అడిగింది. "ప్రస్తుతానికి లేవు" అన్నాను.

ఒకరోజు సారు మైసూరుకు ప్రయాణమవుతూ నన్ను పిలిచాడు. "నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఉప్పు ఎక్కువవుతాదప్పా. నాకి నాకి నా నాలుక మొద్దుబారిపాయ. ఉప్పు కొలిచేది ఏదన్నా నువ్వే చూసి తీసుకురా. నేనొచ్చేసరికి చేప బతికుంటే నీ ఉద్యోగం ఖాయం. లేదంటే ఇద్దరికీ నీళ్లు వదిలేస్తా" అన్నాడు.

అవెన్యూ రోడ్డులో గాజు సామాన్ల అంగడాయన మూడు గాజు బుడ్లను నా ముందు పరిచాడు. మూడింటి సంగతీ ఒకటే: నీళ్లు చిక్కనైతే పైకి తేలతాయి, పలచనైతే మునుగుతాయి. "సముద్రానికని చేసింది ఈ యుద్ధంలో సీమ నుంచి రావడం లేదు స్వామీ. ఇది సారాయికి, ఇది పాలకు, ఇది కారు బ్యాటరీకి. ఏది కావాలో చూసుకోండి" అన్నాడు. నేను పెళ్లిసంబంధం చూసినట్టు వాటి కులగోత్రాలు విచారించాను. సారాయిది చేత పట్టుకొని వీధిలో నడిస్తే వంశం ఏమవుతుంది? పాలది, అదే లాక్టోమీటరు, పాలు పోసే గౌళాయనను అనుమానించే ఇల్లాళ్ల వస్తువు. "మా ఇంట పాలు పంచారే గాని కొలవలేదు" అన్నాను గంభీరంగా. "ఇప్పటికీ పంచుతుండారా స్వామీ?" అన్నాడు అంగడాయన. ఆ మాట నాకు వినబడలేదు. (బాగా వినబడింది.) మా తాతకు కారుండేది గనక, ఇత్తడి గొట్టంలో పెట్టిన బ్యాటరీదాన్నే తీసుకొని రాజసంగా తిరిగొచ్చాను.

తొట్టిలో వేస్తే అది బుడుంగున అడుక్కి పోయి పడుకుంది. అంటే నీళ్లలో ఉప్పే లేదన్నమాట! కాటన్‌పేటకు పరుగెత్తి గల్లుప్పు తెచ్చి కలిపాను. లేవలేదు. ఇంకా కలిపాను. లేవలేదు. (బ్యాటరీలో ఉండే ద్రావకం ఉప్పునీళ్లకంటే ఎంతో బరువని, సముద్రం మొత్తం తెచ్చి పోసినా అది తేలదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.) సంచి ఖాళీ చేసి, సముద్రానికే లోటు తీర్చినంత తృప్తితో ఇంటికి పోయాను.

తెల్లారి వచ్చి చూస్తే చేప పక్కకు ఒరిగి, నోరు తెరిచి మూస్తూ ఉంది. నీళ్లు నాలుక మీద వేసుకుంటే ఊరగాయ గుర్తొచ్చింది. ఉప్పు ఎక్కువైందని తెలిసింది, ఎంతకు దించాలో తెలియలేదు. ఆ సమయానికి వాకిట్లో సారు అక్కయ్య, ఆ ఇంటి యజమానురాలు, గౌళాయన పాలలో తన లాక్టోమీటరు ముంచి అతని పూర్వీకులను తలుచుకుంటూ ఉంది. నేను పోయి ఆమె పక్కన నిలబడ్డాను. మా వంశంలో ఇవ్వడమే గాని అడగడం ఎవరూ నేర్పలేదు.

"ఏమప్పా, చిన్నదొరా, కంబం మాదిరి నిలబడినావు?" అంది.

"ఆ లాక్టోమీటరు... చేపకు... ఉపయోగపడవచ్చు" అన్నాను.

"చేపలనీళ్లలో పెట్టిందాన్ని మళ్లా పాలలో పెట్టేదా? మడీ మైలా లేదా?"

గౌళాయన ముఖం దీపంలా వెలిగింది. "ఇచ్చేయండమ్మా. మూగజీవం. పుణ్యముంటాది" అన్నాడు.

"నువ్వు సుమ్నే ఉండు. నీ పుణ్యం రోజూ తాగుతానే ఉండాము" అని ఆమె హాల్లోకి వచ్చి తొట్టిలోకి వంగి చూసింది. చూసి నా వైపు తిరిగింది. "ఆ చేప చూడు, ఎంత బాగా నోరు తెరిచి అడుగుతుండాదో. నువ్వు అంతమాత్రం తెరవలేవా?"

"ఇయ్యండమ్మా" అన్నాను. ఆకాశం విరిగి పడలేదు. ఆమె ఇచ్చింది.

వెనకగదిలో మూత తీయని మద్రాసు డబ్బా ఒకటి మిగిలి ఉంది. దాన్ని తెరిచి, అచ్చమైన సముద్రంలో లాక్టోమీటరు ఏ గీత దగ్గర నిలుస్తుందో చూసుకొన్నాను. దాని లెక్కన సముద్రం అంటే నీళ్లు కలిపిన పాలే. అయినా మా గౌళాయన పాలకంటే చిక్కన. ఆ మాట పైకి అనేశాను. అక్కయ్య నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. "రేపటినుంచి సముద్రమే పోసెయ్యి నాయనా" అని గౌళాయనతో అంది. ఇక నేను తొట్టిలో నీళ్లు తోడడం, బావినీళ్లు పోయడం, లాక్టోమీటరు ముంచడం. ఆ గీత దగ్గరికి వచ్చి నిలిచేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రానికి చేప నిటారుగా తిరిగి, నన్ను చూసి తోక ఆడించింది. (ఎంగిలిమెతుకులకేనని అక్కయ్య అనేది. నేను ఒప్పుకోను.)

సారు వచ్చాడు, చేపను చూశాడు, ఉద్యోగం ఖాయమన్నాడు. కొత్త లాక్టోమీటరు వచ్చేదాకా ఆ ఇంట కాఫీ వానకాలపు కాలువలా ఉండింది. ఆ ఇంట్లో చాలా ఏళ్లు పనిచేశాను, అదీ పని అనే పేరుతోనే.

ఇప్పటికీ నా నడుము నిటారే, డాక్టరు వంచమన్నా వంగదు. కానీ ఆ ఉదయం తలపుకొస్తే, ఉక్కిరిబిక్కిరవుతున్న చేప ముందు మెడదాకా గుండీలు బిగించిన కోటుతో మోకాళ్ల మీద కూర్చొని చెమటలు కక్కుతున్న ఆ పిల్లదొర కనిపిస్తాడు. పైగుండీ ఒకటి విప్పుకో నాయనా, నీకూ కొంచెం గాలి ఆడుతుంది, అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు.