పొడుగాయన సినిమా రెండో సగం

మా చిన్నప్పుడు... ఆదివారం వస్తే చాలు, మా మేనత్త పొద్దున్నే వంట ముగించి, పెద్దంచు నేతచీర కట్టుకుని గుమ్మంలో నిలబడేది. "ఏవండీ, ఆట మొదలైపోతుంది" అని మావయ్యని తొందరపెట్టేది. నేను అప్పటికే చెప్పులేసుకుని వీధిలో ఉండేదాన్ని.

విజయవాడ వన్ టౌన్‌లో మావయ్యకి బట్టల హోల్‌సేల్ కొట్టు. ఆదివారం సెలవు. దగ్గర్లోనే ఒక సినిమా హాలు... అందులో ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్లు. అత్తయ్యకి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ ఒక ఇంగ్లండు నటుడంటే ప్రాణం. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు, అందుకని ఆయన 'పొడుగాయన' అయిపోయాడు. చివరికి టిక్కెట్లు చింపే అతను కూడా "వచ్చేవారం మీ పొడుగాయన పిక్చరేనండీ" అని ముందే చెప్పేవాడు.

ఆ సినిమాలు తీసిన ఎన్నేళ్లకో మా ఊరు వచ్చేవి... అదీ ఒక వరసా పాడూ లేకుండా. ఒక వారం పొడుగాయన నెరిసిన జుట్టుతో కోర్టులో లాయరు. మరో వారం నూనూగు మీసాలతో ఓడ మీద కుర్రాడు. ఆ తర్వాత కాస్త పొట్టతో మిలిటరీ ఆఫీసరు. ఆయన కుర్రాడిగా కనపడిన వారం అత్తయ్య "పోన్లే పాపం, ఒంట్లో కాస్త నెమ్మదించినట్టుంది" అని సంతోషించేది!

మావయ్య పక్కన కూర్చుని కథంతా చెవిలో చెప్పేవారు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే... మిగతాది సొంత పైత్యం. అయినా వెనక వరసవాళ్లు ముందుకి వంగి మరీ వినేవాళ్లు. "కాస్త గట్టిగా చెప్పండి గురువుగారూ, మాకూ తెలుస్తుంది" అనేవాళ్లు.

అత్తయ్య మనసు మహా మెత్తన. సినిమాలో ఎవరైనా పోతే ఆ పూట అన్నం ముట్టేది కాదు. పొడుగాయనకేమో ఎప్పుడూ చివర్లో పోయే వేషాలే. అందుకని మావయ్య ఒక మాట కనిపెట్టారు... 'సొమ్మసిల్లాడు.' తుపాకీ గుండు తగిలి పడినా సొమ్మసిల్లాడు, ఓడతో పాటు మునిగినా సొమ్మసిల్లాడు.

ఒకసారి నేను ఊరుకోలేక అడిగేశాను. "మరి మొహం మీద దుప్పటి కప్పేశారు కదా మావయ్యా?"

"చలిదేశం కదమ్మా" అన్నారు మావయ్య, తడుముకోకుండా.

అత్తయ్య తల ఊపింది. పై వారం పొడుగాయన మళ్లీ తెర మీద నిక్షేపంలా నడుచుకుంటూ రానే వచ్చాడు. ఇంక అనుమానం ఎందుకు?

ఒక ఎండాకాలం ఆదివారం... పొడుగాయన యుద్ధంలో ఖైదీగా దొరికిపోయాడు. చెరలోంచి పారిపోదామని కంచె దాకా పాక్కుంటూ వచ్చాడు. సరిగ్గా అక్కడ విశ్రాంతి అని లైట్లు వేశారు. సరుకు లారీ వచ్చిందని కొట్టు గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు.

"బట్టల బేళ్లు దింపించుకోవాలి, మీరు చూస్తూండండి" అన్నారు మావయ్య.

"మీరు లేకుండా నాకేం బోధపడుతుందండీ? నేనూ ఇంటికే పోతా."

"సరేలే. మిగతాది భోజనాల దగ్గర నేను చెప్తాగా" అని నవ్వుతూ వెళ్లిపోయారు.

మేం ఇంటికొచ్చి విస్తళ్లు వేసుకుని కూర్చున్నాం. చాలాసేపటికి గుమాస్తా వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "అమ్మగారూ... అయ్యగారు సొమ్మసిల్లారండీ" అన్నాడు.

అత్తయ్య పెద్దగా కంగారు పడలేదు. అన్నం గిన్నె మీద మూత పెట్టింది. మరచెంబు నిండా చల్లటి నీళ్లు పట్టుకుంది. "మొహం మీద చల్లితే లేస్తారు, పదవే" అంది.

కొట్టు ముందు జనం. మావయ్యని బేళ్ల పక్కన పడుకోబెట్టారు. మొహం మీద తానులోంచి చింపిన తెల్లగుడ్డ కప్పి ఉంది.

ఆ తర్వాత అత్తయ్య హాలు మొహం చూడలేదు. కొన్నాళ్లకి ఇంగ్లీషు ఆటలూ ఆగిపోయాయి, హాలూ పోయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణాలు. పొడుగాయన ఎప్పుడు పోయాడో కూడా మాకు తెలియలేదు. ఈమధ్య ఫోన్లో వెతికితే తెలిసింది... మేం ఆయన్ని చూసి మురిసిపోయే రోజులకే ఆయన పోయి చాలా కాలమైందట!

అదిగో, అలా వెతుకుతుంటేనే ఆ సినిమా దొరికింది. కింద తెలుగు అక్షరాలతో సహా. ఒక్కదాన్నే కూర్చుని చివరిదాకా చూశాను. పోయిన నెల ఆటోనగర్‌లో అత్తయ్య కొడుకు, మా బావ ఇంటికి వెళ్లి అత్తయ్య చేతిలో ఫోను పెట్టాను. ఆవిడకి ఇప్పుడు కళ్లు సరిగ్గా ఆనవు. అయినా పొడుగాయన్ని చూడగానే గుర్తుపట్టింది. "ఎంత చిన్నవాడే!" అంటూ తెరని వేలితో తడిమింది.

ఫోను సినిమాలో విశ్రాంతి ఉండదు కదా... పొడుగాయన కంచె దగ్గరికి రాగానే అత్తయ్యే నా చెయ్యి పట్టుకుంది.

"ఆపవే. ఇక్కడే లైట్లు వేశారు."

"మిగతాది చూడవా అత్తయ్యా?"

"మీ మావయ్య చెప్తానన్నారుగా."

కానీ మేం చూసినవాటిలో ఈ ఒక్కదాంట్లోనే పొడుగాయన బతికి బయటపడతాడు. కంచె దాటి, కొండలు దాటి, ఇల్లు చేరతాడు. పెళ్లాం తలుపు తీస్తుంది. మావయ్య అబద్ధమాడాల్సిన అవసరమే లేని సినిమా అది!

ఉండబట్టలేక చెప్పేశాను. "అత్తయ్యా, ఇందులో ఆయనకేం కాదు. క్షేమంగా ఇంటికొచ్చేస్తాడు. ఒట్టు."

అత్తయ్య నా బుగ్గ నిమిరి నవ్వింది.

"నాకు తెలీదనుకున్నావా? పొడుగాయన పోతున్నాడని అప్పుడూ తెలుసే... మీ మావయ్య ముచ్చట చూసి ఊరుకునేదాన్ని. నువ్వూ అచ్చం ఆయనలాగే చెప్తున్నావు."

ఎంత చెప్పినా నమ్మలేదు.

ఇప్పుడు ఏ భాష సినిమా అయినా తెలుగులో అరచేతిలోకి వచ్చేస్తోంది. చెవిలో కథ చెప్పేవాళ్లే లేరు... మీ పక్కన కూర్చుని అలా చెప్పినవాళ్లు ఎవరండీ? మీకోసం ఏం మార్చి చెప్పేవాళ్లు?